గడ్డి వాలిన వైపు

మంచి అతుకు అంటే కనిపించని అతుకు. పదిహేడేళ్లుగా అతుకు మేస్త్రి చేస్తున్నది ఆ కనిపించని పనే. డబ్బున్నవాళ్లు పెరట్లో ఆటకోర్టు వేయించుకుంటారు. ప్లాస్టిక్ గడ్డి పట్టాలు పక్కపక్కనే పరిచి, అంచులు కోసి, కింద పట్టీ వేసి, జిగురు పూసి, రెండూ కలిసిన చోటు ఎవరికీ తెలియకుండా చేయడం అతని వంతు. బాగా చేస్తే ఎవరూ చూడరు. చెడగొడితే ఇంటికొచ్చిన చుట్టాలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఇంత దిక్కుమాలిన పనిని కూడా గర్వంగా చేసుకునేవాడు అతను.

ఈసారి దొరికిన పెరడు పెద్దదే. మూడు రోజులు మట్టి తవ్వడానికే సరిపోయింది. జానెడు లోతు తవ్వి, కంకర పోసి, దాని మీద రాతిపొడి పోసి, యంత్రంతో దిమ్మిస కొట్టారు. ఆ యంత్రం నడిపేవాడిని జట్టులో అందరూ దిమ్మిస అనే పిలుస్తారు. యంత్రం ఆపాక కూడా వాడి చేతులు కాసేపు వణుకుతూనే ఉంటాయి. టీ గ్లాసు ఇస్తే సగం చొక్కా మీద, సగం నోట్లో.

ఇంటావిడకు ఈ కోర్టు ఎందుకో అర్థం కాలేదు. రోజుకు రెండుసార్లు వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

“ఇక్కడ బట్టలారేసే తీగ ఉండేది. పీకేశారు. ఇప్పుడు నేను బట్టలెక్కడ ఆరేసుకోవాలి?”

“సార్‌ని అడగండమ్మా,” అన్నాడు దిమ్మిస.

“ఆయన్ని అడిగితే ఆడుకో అంటారు.”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రి చెల్లెలు. ఆమె జట్టులో చేరి రెండేళ్లయింది. గడ్డి పరిచి అతికించాక దాని మీద సన్న ఇసుక చల్లి, పొడుగు కర్ర ఉన్న బ్రష్షుతో ఎదురు దువ్వాలి. అప్పుడే పోగులు లేచి నిలబడతాయి, వాటి మధ్యకు ఇసుక దిగుతుంది. రోజంతా గడ్డి దువ్వుతుంది కాబట్టి ఆమెకు దువ్వెన అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ల జుట్టు వంక చూసి, “ముందు మీకు కావాలి నేను,” అంటుంది.

ప్లాస్టిక్ గడ్డి అయినా నిటారుగా నిలబడదు. ఫ్యాక్టరీలో చుట్టినప్పుడే ఒకవైపు వాలిపోతుంది. పిల్లి వీపు నిమిరినట్టే. ఒకవైపు నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే గుచ్చుకుంటుంది. పట్టాలన్నీ ఒకే వైపు వాలేలా పరవాలి. ఒక్కటి తిరగబడినా ఎండలో దాని రంగు వేరేగా కనపడుతుంది. ఖరీదైన సరుకైతే వెనక బాణం గుర్తు ఉంటుంది. కాంట్రాక్టరు తెచ్చేది ఖరీదైన సరుకు కాదు. చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే.

మేస్త్రి చేతులకు ఆ తేడా తెలియడం మానేసి ఏడాది దాటింది. జిగురు, ఆ జిగురు తుడిచే ఘాటు మందు కలిసి అరచేతులను మొద్దుబార్చేశాయి. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా పట్టుకుని తాపీగా నడిచొస్తుంటే భార్య కేక వేసింది. ఆ కేక వినే అతనికి గిన్నె కాలుతోందని తెలిసింది. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. గడ్డి మీద చెయ్యి వేసి నిమిరి, కళ్లు సగం మూసి, తెలిసినట్టు తల ఊపేవాడు.

చెల్లెలికి చెప్పకుండానే తెలిసింది. ఆమె కూడా దాని గురించి మాట్లాడలేదు. ఓ పని మొదలుపెట్టింది. పట్టా విప్పగానే దాని మీదుగా ఒకసారి నడిచి, పాదంతో అటూ ఇటూ రాసి, బ్రష్షును పట్టా మీద పడుకోబెట్టి వెళ్లిపోయేది. కర్ర ఎటు ఉంటే గడ్డి అటు వాలినట్టు. చూసేవాళ్లకు అది పక్కన పడేసిన బ్రష్షు. మేస్త్రికి అదే అరచెయ్యి. అన్నాచెల్లెళ్లు ఆ సంగతి ఒక్కసారి కూడా నోటితో అనుకోలేదు.

ఈ కోర్టు మీద చెల్లెలు చాలా ఆశలు పెట్టుకుంది. కాంట్రాక్టరు రెండో జట్టు పెడుతున్నాడు. దానికి అతుకులు వేసే మనిషి కావాలి. “ఈ పని కానీ, ఆ జట్టులో అతుకులు నువ్వే వేద్దువుగాని,” అని అందరి ముందూ అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె సొంతంగా కత్తి కొనుక్కుంది. దాన్ని పాత టవల్లో చుట్టి రోజూ సంచిలో తెచ్చేది. ఒక్కసారి కూడా బయటికి తీయలేదు.

“తియ్యవేం?” అన్నాడు మేస్త్రి.

“నా జట్టులో తీస్తా.”

నాలుగో రోజు మబ్బు పట్టింది. వాన లేదు, గడ్డి రంగు తేడా చూపించే ఎండా లేదు. గడ్డి పరవడానికి అంత మంచిరోజు కాదుగానీ, ఆదివారానికల్లా స్నేహితులను పిలిచి ఆడిస్తానని ఇంటాయన ఎవరికో మాట ఇచ్చాడట. కాంట్రాక్టరు పొద్దున్నే వచ్చి నెత్తిన కూర్చున్నాడు. మొత్తం నాలుగు పట్టాలు. మొదటి రెండూ పరిచి అతికించేసరికి పన్నెండు దాటింది. సందు ఇరుకు కావడంతో ఇసుక లారీ లోపలికి రాలేక మలుపు దగ్గరే ఆగిపోయింది. బస్తాలు తోపుడుబండి మీద తెమ్మని కాంట్రాక్టరు చెల్లెల్ని పంపాడు. వెళ్లేముందు ఆమె దిమ్మిసతో కలిసి మూడో పట్టా మోసుకొచ్చి విప్పింది. పాదంతో రాసి చూసి, బ్రష్షు పడుకోబెట్టి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే దిమ్మిస పట్టాను సరిగ్గా లాగుదామని వచ్చాడు. కాళ్లకు అడ్డంగా ఉన్న బ్రష్షు తీసి పక్కన పెట్టి, పట్టా లాగి, బ్రష్షును మళ్లీ దాని మీదే వేశాడు. తీసినది తీసినట్టు పెట్టాలని వాడికి ఎవరు చెప్పారు? వాడి దృష్టిలో అది బ్రష్షు.

జిగురు డబ్బా మూత విప్పి మేస్త్రి తిరిగి చూశాడు. కర్ర ప్రహరీ గోడవైపు ఉంది. మొదటి రెండు పట్టాలూ ఇంటివైపు వాలి ఉన్నాయి. అయితే దీన్ని తిప్పాలి. చెయ్యి వేసి నిమిరాడు, కళ్లు సగం మూశాడు, తల ఊపాడు.

“తిప్పాలిరా ఇది.”

దిమ్మిస, మరొకడు కలిసి పట్టా ఎత్తి అటు కొస ఇటు తిప్పి పరిచారు. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అంచు వెంట కత్తి పెట్టి ఒక్క బిగిన చివరిదాకా కోశాడు. పట్టీ పరిచి, పళ్ల తాపీతో జిగురు పూసి, రెండు అంచులనూ వేళ్లతో దగ్గరికి తెచ్చాడు. మధ్యలో ఇరుక్కున్న పోగులను మేకుతో ఒక్కొక్కటే పైకి లాగాడు. ఆ పనిలో చేతికి స్పర్శ అక్కర్లేదు, కన్ను చాలు. అతుకు అద్భుతంగా వస్తోంది.

అతుకు సగం దూరం పడేసరికి చెల్లెలు బండి తోసుకుంటూ వచ్చింది. బస్తాలు దించి, చెప్పులు విడిచి గడ్డి మీద రెండడుగులు వేసి ఆగిపోయింది. అప్పుడే ఇంటాయన భోజనానికి వచ్చి, కాంట్రాక్టరు పక్కన నిలబడి పని చూస్తున్నాడు.

“అన్నయ్యా, మూడోది తిరగబడింది.”

మేస్త్రి తలెత్తలేదు. అది నిజమేనని ఆ క్షణమే తెలిసింది. ఆమె పాదం ఇంతవరకు తప్పు చెప్పలేదు. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, లాగితే వచ్చేస్తుంది. కానీ లాగితే కాంట్రాక్టరు ఎందుకని అడుగుతాడు. పదిహేడేళ్ల మేస్త్రివి, చెయ్యి పెట్టి చూశావుగా అంటాడు.

“చూసుకో అన్నయ్యా, ఒక్కసారి...”

“నాకు నేర్పేంతదానివయ్యావా?” అన్నాడు. ఆ మాట పెరడంతా వినపడింది. “ఇసుక మొయ్యమంటే ఇసుక మొయ్యి. అతుకుల సంగతి నీకెందుకు?”

ఇంటాయన నవ్వాడు. కాంట్రాక్టరు నవ్వలేదు. చెల్లెలు బండి తిప్పుకుని మిగతా బస్తాల కోసం వెళ్లిపోయింది. ఆమె చెప్పులు సందు మలుపు దాకా వినపడ్డాయి. మేస్త్రి మిగతా సగం అతికించాడు. నాలుగో పట్టాకు బ్రష్షు వంక చూడలేదు. పరిచి ఉన్న రెండో పట్టా కొస దగ్గరికి నాలుగో పట్టా కొసను తెచ్చి, మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూసి పరిచాడు. అది సరిగ్గానే వచ్చింది.

మర్నాడు ఎండ విరగకాసింది.

పెరటి గేటు తీయగానే తెలిసిపోయింది. మూడు పట్టాలు ముదురాకుపచ్చ, ఒకటి లేతాకుపచ్చ. జిగురు రాయిలా బిగుసుకుపోయింది. ఇప్పుడు పీకితే పట్టా చిరుగుతుంది, పక్కది కూడా పోతుంది. కాంట్రాక్టరు కోర్టు చుట్టూ ఒకసారి నెమ్మదిగా నడిచి వచ్చాడు.

“ఈ పట్టా మోసుకొచ్చి విప్పిందెవరు?”

అది అసలు అడగాల్సిన ప్రశ్న కాదు. ఎవరు ఎలా విప్పినా, అతికించే ముందు చూసుకోవాల్సింది మేస్త్రి. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు. అందరూ మేస్త్రి వంక చూశారు. మేస్త్రి చేతిలో కత్తి ఉంది. దాని అంచుకు అంటిన జిగురును గోటితో గీకడం మొదలుపెట్టాడు. ఎంతో అవసరమైన పనిలా గీకాడు.

చెల్లెలు అతన్నే చూస్తోంది. అతను ఆ చూపు పడిన చోటల్లా కాలుతున్నట్టు నిలబడ్డాడు. అలాంటి చోట్ల స్పర్శ ఇంకా పోలేదు.

“నేనే విప్పాను,” అంది చెల్లెలు. అది నిజమే.

“అతుకులు వేస్తానన్నావు, పట్టా విప్పడం కూడా రాలేదు,” అన్నాడు కాంట్రాక్టరు. గొంతు పెంచలేదు. “బ్రష్షు అక్కడ పెట్టేసి వెళ్లు. రెండో జట్టుకు ఎవర్నైనా చూసుకుంటాలే.”

ఆమె బ్రష్షును గోడకు ఆనించింది. మోకాళ్లకు కట్టుకున్న మెత్తలు విప్పి, దుమ్ము దులిపి, బస్తాల మీద పెట్టింది. సంచి భుజాన వేసుకుంది. గేటు దాకా వెళ్లి, కొక్కెం తీసి, బయటికెళ్లి, చేయి లోపలికి పెట్టి కొక్కెం మళ్లీ సరిగ్గా వేసింది. అంత జాగ్రత్త ఎందుకో మేస్త్రికి అర్థం కాలేదు. కొక్కెం పడిన చప్పుడుకు మాత్రం గీకడం ఆపాడు.

సాయంత్రం ఇంటాయన వచ్చాడు. తిట్లు తినడానికి కాంట్రాక్టరు సిద్ధంగా నిలబడ్డాడు. ఇంటాయన పెరట్లోకి రాకుండా నేరుగా మేడ మీదికి వెళ్లి కిటికీ తీశాడు. పైనుంచి చాలాసేపు చూశాడు.

“అరె, ఇది భలే ఉందే! ఈ గీత కావాలనే వేశారా?”

కాంట్రాక్టరు ముఖం ఒక్క క్షణంలో మారింది. “మా మేస్త్రి చేతిపని సార్. అందరికీ వెయ్యడు.”

“ఫోటో తీసి మావాళ్లకి పంపుతా. మేస్త్రీ, అదరగొట్టావయ్యా!”

మేస్త్రి చేతులు జోడించాడు. ఏం చేయాలో తెలియక చేసిన పని అది. ఇంటావిడ కిందికి వచ్చి కోర్టును చూసి, “నెట్టు ఎక్కడ కడతారు?” అని అడిగింది. ఆమెకు ఆట మీద ఆసక్తి పుట్టిందనుకుని దిమ్మిస నెట్టు కట్టే స్తంభాలు చూపించాడు.

మేస్త్రి ఆ రోజు బస్సు ఎక్కకుండా చెల్లెలింటికి నడిచి వెళ్లాడు. దారి పొడుగునా తేలికగా ఉంది. నష్టం జరగలేదు కదా, ఇంక కోపాలేముంటాయి? ఆయనకే నచ్చాక, దువ్వెనను రేపే రమ్మంటారు. గుమ్మంలోనే చెప్పేశాడు.

“ఇంటాయనకు తెగ నచ్చిందే! ఫోటోలు కూడా తీశాడు.”

చెల్లెలు గదిలో కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. చేతిలో ఉన్నది ఆ కొత్త కత్తి. పక్కన టవలు మడిచి ఉంది.

“అయితే నన్ను రమ్మన్నారా?”

“కాంట్రాక్టర్ని అడిగాను. చూద్దాం అన్నాడు.”

“ఏమని అడిగావు?”

“మా చెల్లెల్ని మళ్లీ తీసుకోండి అని.”

“తప్పు నాదికాదని చెప్పావా?”

మేస్త్రి గడప మీద కూర్చున్నాడు. ఆమె ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. ముక్కలన్నీ ఒకే మందంలో పడుతున్నాయి.

“బ్రష్షు గోడవైపు ఉంది. అందుకే తిప్పాను,” అన్నాడు.

“నేను ఇంటివైపే పెట్టాను.”

“మరి ఎవరో జరిపి ఉంటారు.”

“జరిపి ఉంటారు. అది నీ తప్పు కాదులే.” కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలే. “అందరి ముందూ తిట్టావు, అదీ పోనీ. అన్నయ్యవి, తిడతావు. చిన్నప్పుడు ఇంతకన్నా తిట్టావు. కానీ ఆయన అడిగినప్పుడు నువ్వు కత్తి గీక్కుంటూ నిలబడ్డావు చూడు, అది మాత్రం నేను మరిచిపోలేను అన్నయ్యా. పోనీలే అనుకుంటున్నా, అవడం లేదు.”

“రేపు చెప్తాను.”

“చెప్పు.”

“నీ మీద ఒట్టు, చెప్తాను.”

“నా మీద ఒట్లు వద్దు. అన్నం తిని వెళ్తావా?”

తిననన్నాడు. ఆమె బలవంతపెట్టలేదు. ఎప్పుడూ బలవంతపెట్టేది.

రెండు రోజుల తర్వాత గానీ కాంట్రాక్టరు ఒంటరిగా దొరకలేదు. ఇసుక దిగిపోయిన చోట్ల ఇంకాస్త పోయడానికి అదే ఇంటికి వెళ్లారు. ఆదివారం ఆట అయిపోయింది. ఇంటాయన మోకాలు పట్టేసిందట, మేడ మీదే పడుకుని ఉన్నాడు. కోర్టు మధ్యలో నెట్టు నిండా దుప్పట్లు, లంగాలు, తలగడ గలీబులు ఆరేసి ఉన్నాయి. ఇంటావిడ గుమ్మంలో నిలబడి, “తీగ కంటే ఇదే నయం,” అంది.

దిమ్మిస బస్తాల కోసం వెళ్లాక, మేస్త్రి ఆరేసిన దుప్పటి చాటుకు కాంట్రాక్టరును పిలిచాడు.

“ఒక మాట సార్. ఆ పట్టా తిరగబడింది నావల్లే. మా చెల్లి సరిగ్గానే విప్పింది. తిప్పమని నేనే అన్నాను. ఆమె చెప్పినా వినలేదు. నా చేతులకు...” ఆగాడు. రెండు అరచేతులూ ముందుకు చాపాడు. “నా చేతులకు తెలియడం లేదు. ఏడాది నుంచి.”

ఎంత పెద్ద బరువు దించానో అనుకున్నాడు. కాంట్రాక్టరు ఆ చేతుల వంక చూడనైనా చూడలేదు. దుప్పటి అంచును పక్కకు జరిపి కోర్టు వంక చూశాడు.

“తెలుసు.”

“ఏంటి సార్?”

“తెలుసయ్యా. బ్రష్షు పెట్టి వెళ్లడం, నువ్వు దాని వంక చూడటం, ఆ తర్వాత చెయ్యి పెట్టడం. నేనేమన్నా గుడ్డివాణ్ణా?”

“మరి ఆమెనెందుకు పంపేశారు?” అన్నాడు మేస్త్రి.

“చూసేది ఆవిడ, వేసేది నువ్వు. ఒకళ్ల పనికి ఇద్దరున్నారు. ఎవరో ఒకరు పోవాలి. నిన్ను పంపితే ఆవిడ ఒక్కరోజు కూడా ఉండదు, నీతోపాటే పోతుంది. ఆవిణ్ణి పంపితే నువ్వుంటావని నాకు తెలుసు.” అతని భుజం తట్టాడు. కోపంతో కాదు, మంచిగానే. “ఉన్నావుగా.”

దుప్పటి గాలికి ఊగి మేస్త్రి ముఖానికి తగిలి, వెనక్కి పోయింది.

“ఆమెను మళ్లీ...” అన్నాడు.

“రెండో జట్టుకు మనిషి దొరికాడు. అది వదిలెయ్. ఈయన స్నేహితుడు ఫోటో చూసి పిలిచాడు. ఆయనకూ పెరడుంది. ఒకటి ముదురు, ఒకటి లేత, మొత్తం అలాగే కావాలట. నీ చేతిపనే కావాలన్నాడు. ఎల్లుండి మొదలు.”

ఆ క్షణంలో గేటు తీసుకుని వెళ్లిపోవచ్చు. కాళ్లున్నాయి. మేస్త్రి గేటు వంక చూశాడు కూడా. మొద్దుబారిన చేతులు పట్టుకుని ఏ జట్టు గుమ్మం ముందు నిలబడాలో తెలియలేదు. దిమ్మిస బస్తా తెచ్చి అతని కాళ్ల దగ్గర దించాడు. మేస్త్రి వంగి దాని మూతి విప్పాడు.

ఆ సాయంత్రం చెల్లెలింటి సందు మొదట్లో కాసేపు నిలబడ్డాడు. చెప్పేశానని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. తర్వాత ఏమైందని అడుగుతుంది. లోపలికి వెళ్లకుండా ఇంటికి పోయాడు.

కొత్త పని మొదలయ్యే రోజు పొద్దున్నే అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకున్నాడు. నున్నగా వచ్చేదాకా రెండుసార్లు గీసుకున్నాడు. మామూలుగా వారానికోసారి, అదీ భార్య పోరుపెడితే.

“ఏంటి సంగతి, మళ్లీ పెళ్లిచూపులా?” అంది భార్య.

“పని కోసం.”

“గడ్డి పరవడానికి గడ్డమెందుకు గీసుకోవాలి?”

కత్తి సంచిలో వేసుకుని గుమ్మం దిగాడు.

కొత్త పెరట్లో నేల ముందే సిద్ధంగా ఉంది. గడ్డి పట్టాలు ఆరు. చెల్లెలి స్థానంలో కొత్తామె వచ్చింది. పని తెలియదు, పేరింకా ఎవరూ పెట్టలేదు. ఆమె బ్రష్షు పట్టుకుని ఎక్కడ నిలబడాలో తెలియక నిలబడి ఉంది. మేస్త్రి మొదటి పట్టా దగ్గర మోకాళ్లూని కూర్చున్నాడు. కాంట్రాక్టరు పక్కకు తిరిగి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. మేస్త్రి నెమ్మదిగా వంగి, కుడి చెంప గడ్డికి ఆనించాడు. ముందుకు జరిపాడు, నున్నగా పోయింది. వెనక్కి జరిపాడు, గుచ్చుకుంది. ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన ముక్కులో నిండింది.

“మేస్త్రి గారికి నిద్దరొస్తోంది,” అంది కొత్తామె. దిమ్మిస నవ్వలేదు, ఆమెను కూడా నవ్వొద్దని సైగ చేశాడు.

ఒక్కొక్క పట్టాకూ అలాగే పడుకుని చూశాడు. ఒకటి ఇంటివైపు, ఒకటి గోడవైపు. చెప్పినట్టే, ఎక్కడా పొరపాటు లేకుండా పరిచాడు. అంచులు కోశాడు, జిగురు పూశాడు, పోగులు ఒక్కొక్కటే పైకి లాగాడు. అతుకులు ఎంత బాగా వచ్చినా, ముదురు పక్కన లేత ఉండటంతో ప్రతి అతుకూ గేటు దగ్గరికే కనిపిస్తోంది. అందరూ బాగుందన్నారు.

రెండో రోజు మధ్యాహ్నానికి చెంప ఎర్రగా కందిపోయింది. నీళ్లు తాగడానికి లేచి, ఇంకా అతికించని ఆఖరి పట్టా వంక చూశాడు. కొత్తామె బ్రష్షును దాని మీద పడేసి అన్నానికి వెళ్లిపోయింది. చేతిలో నీళ్ల గ్లాసుతో అతను చాలాసేపు నిలబడి, ఆ కర్ర ఎటు ఉందో చూశాడు.